పాలు పడని పసిబిడ్డకు ప్రత్యేక ఫార్ములా: ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒక వరుసలో పెట్టుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మీ పాపకు ఇప్పుడు ఐదు నెలలు. మొదటి మూడు నెలలూ తల్లిపాలు మాత్రమే తాగింది, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పాలు చాలడం లేదని మూడో నెల నిండాక మామూలు ఫార్ములా మొదలుపెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి విరేచనంలో జిగురు, ఆ జిగురులో అక్కడక్కడ సన్నని నెత్తురు చారలు కనిపించాయి. పాలు కక్కడం ఎక్కువైంది. బుగ్గల మీద చర్మం ఎర్రబడి గరుకుగా తయారైంది. ఆ తర్వాత ఆరు వారాల్లో మూడు డబ్బాలు మారాయి: మొదట లాక్టోజ్ లేనిది, తర్వాత సోయాది, ఇప్పుడు ‘సులువుగా అరుగుతుంది’ అని పైన రాసి ఉన్న మరొకటి. రోజుకు రెండు మూడు సార్లు తల్లిపాలు ఇంకా ఇస్తున్నారు. గత నెల రోజుల్లో బరువు దాదాపు పెరగలేదు. ఇక ఏ ప్రత్యేక ఫార్ములా కొంటే మంచిదని అడిగారు.

నేను పదిహేడేళ్లుగా పిల్లల జీర్ణకోశ వైద్య విభాగంలో పోషకాహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. బిడ్డను ఎత్తుకుని మా గదిలోకి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మొదట చెప్పే మాట ఒకటే: ‘పాలు పడటం లేదండీ’. ఆ ఒక్క మాటలో ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు సమస్యలు కలిసిపోయి ఉంటాయి. ఏ ఫార్ములాలోనైనా ప్రధానంగా ఉండేవి మూడు: ప్రొటీను, చక్కెర, కొవ్వు. మామూలు ఫార్ములాలో ప్రొటీను ఆవుపాల నుంచి, చక్కెర లాక్టోజ్ రూపంలో, కొవ్వు ఎక్కువగా వంటనూనెల నుంచి వస్తాయి. ప్రత్యేక ఫార్ములా అని మనం పిలిచేది ఈ మూడింటిలో ఒకదాన్ని తీసేసినదో, ముక్కలు చేసినదో, మరొక దానితో మార్చినదో అయి ఉంటుంది. కాబట్టి బిడ్డకు వీటిలో ఏది పడటం లేదో తేలనిదే ఏ డబ్బా మంచిదన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అది తేలిన తర్వాత కూడా డబ్బా మార్చడాన్ని ఒక పరీక్షగా చూడాలి: దానికి మొదలయ్యే తేదీ ఉండాలి, ముగిసే తేదీ ఉండాలి, నిజంగా దానివల్లే తగ్గిందా అని సరిచూసుకునే రోజు కూడా ఉండాలి. మీ ఆరు వారాల్లో లోపించింది ఇదే. అందులో మీ తప్పు లేదు. ఈ మాట మీకు ఎవరూ చెప్పలేదు.

ఫార్ములా గురించి మాట్లాడే ముందు ఒక జాగ్రత్త. వాంతిలో ఆకుపచ్చని పసరు రావడం, కడుపు ఉబ్బి గట్టిపడటం, నెత్తురు చారలుగా కాకుండా ఎక్కువ మోతాదులో పడటం, బిడ్డ పాలిపోయి తోటకూర కాడలా వేలాడిపోవడం, ఆరు గంటలకు మించి మూత్రం రాకపోవడం, మూడు నుంచి ఆరు వారాల వయసులో పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి కావడం వంటివి డబ్బా మారిస్తే తగ్గేవి కావు. వాటికి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పుట్టిన 48 గంటల్లో మొదటి నల్ల విరేచనం కాని బిడ్డకు తర్వాత మలబద్ధకం వస్తే పెద్దపేగులో నరాల లోపం ఉందేమో చూడాలి. పుట్టి రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, విరేచనం సున్నంలా తెల్లగా పాలిపోయి వస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు: పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బుకు చేసే శస్త్రచికిత్స పుట్టిన 60 రోజుల లోపు జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. మీ పాపలో ఈ లక్షణాలు ఉన్నట్టు మీరు రాయలేదు. అయితే ఈ వయసులో నెలకు సుమారు అర కిలో బరువు పెరగాలి. పెరగడం ఆగిపోయిందంటే ఈ వారంలోనే పిల్లల వైద్యుడికి చూపించాలి. ఇక్కడ చదివినది ఆ సంప్రదింపుకు బదులు కాదు, దానికి మీరు సిద్ధమై వెళ్లడానికి.

ఇప్పుడు మీ మొదటి మార్పు సంగతి చూద్దాం. లాక్టోజ్ పాలలోని చక్కెర. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగు లోపలి గోడ మీద, వేళ్లలా పొడుచుకు వచ్చిన సన్నని నూగు చివర్లలో ఉంటుంది. తల్లిపాలలో ప్రతి 100 మిల్లీలీటర్లకూ దాదాపు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది, అంటే ఆవుపాలలో కన్నా ఎక్కువే. మూడు నెలలు తల్లిపాలు హాయిగా తాగి అరిగించుకున్న బిడ్డకు పుట్టుకతో లాక్టేజ్ లేకపోవడమన్నది జరగదు. అలాంటి బిడ్డకు తొలి రోజుల్లోనే తల్లిపాలకే నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి, అదీ చాలా అరుదైన జబ్బు. పెద్దవాళ్లలో సాధారణంగా కనిపించే లాక్టోజ్ పడకపోవడం మామూలుగా రెండు మూడేళ్ల వయసు దాటాకే మొదలవుతుంది. పసిబిడ్డల్లో తరచు చూసేది మూడో రకం: తీవ్రమైన విరేచనాల వల్ల పేగు గోడ మీది ఆ నూగు దెబ్బతిని లాక్టేజ్ కొన్నాళ్లపాటు తగ్గుతుంది. గోడ మానగానే, సాధారణంగా రెండు మూడు వారాల్లో, అదే సర్దుకుంటుంది. లాక్టేజ్ అలా తగ్గి ఉన్నన్నాళ్లూ విరేచనం నీళ్లలా, నురగతో, పుల్లటి వాసనతో పడుతుంది, కడుపు గడబిడ చేస్తుంది, ఆమ్లం వల్ల పిర్రల దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. జిగురులో నెత్తురు చారలు మాత్రం లాక్టోజ్ వల్ల రావు. చక్కెర అరగకపోతే గాలి, నీరు పెరుగుతాయి. నెత్తురు రావాలంటే పేగు గోడకు వాపు ఉండాలి.

లాక్టోజ్ తీసేసిన మామూలు ఫార్ములాలో ఆవుపాల ప్రొటీను మొత్తం అలాగే ఉంటుంది. అందుచేత మీ మొదటి డబ్బా మార్పు వల్ల అసలు అనుమానించాల్సిన దినుసు కొంచెం కూడా కదలలేదు. ఈ ఒక్క పొరపాటు వల్ల వారాలు వృథా అయిన బిడ్డలను నేను లెక్కలేనంతమందిని చూశాను, అందుకే దీని దగ్గర ఇంతసేపు ఆగాను. మరో మాట: మామూలు విరేచనాలు పట్టుకున్న ప్రతి బిడ్డకూ లాక్టోజ్ లేని డబ్బా అక్కర్లేదు. ఓఆర్‌ఎస్ తాగిస్తూ, తల్లిపాలు ఆపకుండా, తాగుతున్న పాలే కొనసాగిస్తే చాలామంది కోలుకుంటారు. రెండు వారాలు దాటినా విరేచనాలు ఆగని బిడ్డలకు, ఆసుపత్రిలో చేరేంతగా నీరసించిన బిడ్డలకు వైద్యుడు దాన్ని కొద్దికాలం కోసం సూచించవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే మొదట అనుమానించాల్సింది ఆవుపాల ప్రొటీను అలర్జీ. ఇది రెండు తీరుల్లో కనిపిస్తుంది. ఒకటి వెంటనే బయటపడేది: పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. రెండోది ఆలస్యంగా, గంటల నుంచి రోజుల వ్యవధిలో తెలిసేది: జిగురు, నెత్తురు, పాలు కక్కడం, ఎగ్జిమా (చర్మం ఎర్రబడి గరుకుగా మారడం), బరువు ఆగిపోవడం. ఈ రెండో రకంలో రక్తంలో ఐజీఈ (వెంటనే వచ్చే అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం) పరీక్ష, చర్మం మీద చేసే పరీక్ష మామూలుగానే వస్తాయి, కాబట్టి ‘రిపోర్టు నార్మల్, అలర్జీ లేదు’ అని ఎవరైనా అంటే ఆ మాట ఈ రకానికి వర్తించదు. పదుల కొద్దీ ఆహార పదార్థాలకు ఐజీజీ అనే మరో ప్రతిరక్షకం పరీక్షలు చేసి పట్టీ చేతికిచ్చే కేంద్రాలు కూడా ఉన్నాయి; అలర్జీ నిర్ధారణకు ఆ పట్టీ పనికిరాదు. ఈ రెండో రకానికి నమ్మదగిన నిర్ధారణ ఒక్కటే: ఆవుపాల ప్రొటీనును పూర్తిగా ఆపి చూడటం, తగ్గాక మళ్లీ ఇచ్చి చూడటం.

దీనికి వాడే ఫార్ములాలను అర్థం చేసుకోవడానికి నేను తల్లిదండ్రులకు పూసల దండను ఊహించుకోమంటాను. ప్రొటీను అంటే పొడవైన పూసల దండ. ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. బిడ్డ శరీరం శత్రువుగా గుర్తుపట్టేది ఒక్కో పూసను కాదు, దండలోని కొన్ని పూసల వరుసను. దండను అక్కడక్కడ మాత్రమే తుంచితే ఆ వరుసలు చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలిపోతాయి. అలా తుంచిన దాన్ని పాక్షికంగా హైడ్రొలైజ్ చేసిన ఫార్ములా అంటారు. చాలా దేశాల్లో ‘హెచ్‌ఏ’ అన్న గుర్తుతో అమ్మేవి, ‘సులువుగా అరుగుతుంది’ అని రాసినవాటిలో ఎక్కువ భాగం ఈ కోవలోనివే. అలర్జీ ఉందని అనుమానమున్న బిడ్డకు ఇవి చికిత్స కావు. దండను ఎక్కడికక్కడ చిన్న చిన్న తునకలుగా, చాలావరకు 3000 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) కన్నా తక్కువ బరువున్న ముక్కలుగా చేస్తే అది పూర్తి స్థాయిలో హైడ్రొలైజ్ చేసిన ఫార్ములా. నిర్ధారణ అయిన అలర్జీ ఉన్న బిడ్డల్లో కనీసం నూటికి 90 మంది తట్టుకోగలగాలన్నది దీనికి పెట్టుకున్న ప్రమాణం. ఈ రకం ఫార్ములా కొత్తదేమీ కాదు, 1940లలోనే వాడకంలోకి వచ్చింది. ఇక అన్ని పూసలనూ విడివిడిగా రాల్చేసినట్టు ఉండేది అమైనో ఆమ్లాల ఫార్ములా. అందులో గుర్తుపట్టడానికి వరుసే ఉండదు.

డబ్బా ముందు భాగం చూసి ఇవేవీ తెలియవు. మా గదిలో నేను డబ్బాను వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉండే దినుసుల పట్టికలో రెండే రెండు చోట్ల వేలు పెట్టి చూపిస్తాను. మొదటిది ప్రొటీను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పంక్తి: అక్కడ ‘వెన్న తీసిన పాలపొడి’ అనో ‘వే ప్రొటీను’ అనో ఉంటే అది ముక్కలు చేయని ప్రొటీను, ‘హైడ్రొలైజ్డ్’ అన్న మాట ఉంటే పాక్షికమా, పూర్తి స్థాయిదా అని తర్వాతి ప్రశ్న, ‘ఎల్-’ తో మొదలయ్యే పేర్లు వరుసగా పదీ పదిహేను కనిపిస్తే అది అమైనో ఆమ్లాలది. రెండోది చక్కెర పంక్తి: లాక్టోజా, మాల్టోడెక్స్‌ట్రినా, గ్లూకోజ్ సిరపా, సుక్రోజా. అన్నట్టు, అలర్జీ ఉన్న బిడ్డకు లాక్టోజ్ నిషిద్ధం కాదు. శుద్ధి చేసిన లాక్టోజ్ కలిపిన హైడ్రొలైజ్డ్ ఫార్ములాలు ఉన్నాయి, విరేచనాలు తీవ్రంగా లేనప్పుడు అవి రుచికి కొంత నయం కూడా.

మీ రెండో మార్పు సోయా. సోయా ప్రొటీను ఆవుపాల ప్రొటీను కాదన్న మాట నిజమే, కానీ ఆలస్యంగా బయటపడే రకం అలర్జీ ఉన్న పిల్లల్లో చెప్పుకోదగ్గ సంఖ్యలో సోయా కూడా పడదు. ఆరు నెలల లోపు బిడ్డకు అలర్జీ చికిత్సగా దాన్ని మొదటి ఎంపిక చేయవద్దని ఐరోపా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం చెబుతూ వస్తోంది. లాక్టోజ్ విడిపోతే వచ్చే గెలాక్టోజ్ అనే చక్కెరను శరీరం వాడుకోలేని, పుట్టుకతో వచ్చే గెలాక్టోసీమియా అనే జబ్బులో మాత్రం సోయా ఫార్ములాకు ముఖ్యమైన చోటు ఉంది, ఎందుకంటే ఆ బిడ్డకు లాక్టోజ్ జాడ కూడా తగలకూడదు. మేకపాలు ఇవ్వవచ్చా అని మీరు అడగలేదు గానీ, తర్వాత మీకు ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే రాస్తున్నాను: మేకపాల ప్రొటీను ఆవుపాల ప్రొటీనుకు ఎంత దగ్గరిదంటే, ఆవుపాలకు వెంటనే అలర్జీ చూపించే పిల్లల్లో నూటికి 90 మందికి పైగా మేకపాలు కూడా పడవు. గింజల నుంచి తీసిన పాలలాంటి పానీయాలు ఏడాది లోపు బిడ్డకు పాలకు బదులు కానే కావు. వాటిలో ప్రొటీను, కొవ్వు, ఖనిజాలు చాలవు.

మీ పాపకు పూర్తి స్థాయిలో హైడ్రొలైజ్ చేసిన ఫార్ములాతో మొదలుపెట్టడం మామూలుగా సరైన మెట్టు. అమైనో ఆమ్లాల ఫార్ములాతోనే నేరుగా మొదలుపెట్టాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: పాలు తగలగానే ఊపిరాడకపోవడం లాంటి తీవ్రమైన ప్రతిచర్య వచ్చినప్పుడు, బరువు బాగా పడిపోయినప్పుడు, ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అన్నవాహిక జబ్బు ఉన్నప్పుడు, హైడ్రొలైజ్డ్ ఫార్ములా రెండు నుంచి నాలుగు వారాలు సరిగ్గా ఇచ్చినా తగ్గనప్పుడు. మీ పాప బరువు ఆగిపోవడం ఎంత తీవ్రమన్నది పుట్టినప్పటి నుంచి వేసిన బరువులన్నీ ఎదుగుదల పటం మీద గుర్తించి చూసి వైద్యుడు తేల్చాలి. నెలలో ఒక్క గీత కింద నడవడం వేరు, రెండు గీతలు దాటి జారిపోవడం వేరు. పరిస్థితి రెండోదైతే ఆయన నేరుగా అమైనో ఆమ్లాల ఫార్ములా రాసినా ఆశ్చర్యపోకండి. దాన్నే నెలల తరబడి ఏకైక ఆహారంగా తాగే కొందరు బిడ్డల్లో రక్తంలో ఫాస్ఫరస్ తగ్గి ఎముకలు బలహీనపడిన సందర్భాలు బయటపడ్డాయి కాబట్టి మధ్యమధ్య రక్త పరీక్ష అవసరమవుతుంది. ఎక్కువ ‘ప్రత్యేకం’ అయినది ఎక్కువ మంచిదని అనుకోవద్దని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

ఈ ఫార్ములాల రుచి గురించి ముందే తెలుసుకుని ఉండాలి. మా గదిలో ఒక చిన్న గిన్నెలో కలిపి తల్లికీ తండ్రికీ చెరొక చుక్క నాలుక మీద వేసుకోమంటాను. మొదట ఉప్పదనం, వెంటనే చేదు, చివర్లో గొంతులో నిలిచే పులుపు. వాసన మాత్రం నాననిచ్చిన మందు బిళ్లలను తలపిస్తుంది. మొహం చిట్లించుకున్న తర్వాత, రేపు బిడ్డ సీసాను తోసేస్తే వాళ్లు బెంబేలెత్తరు. నాలుగు నెలల లోపు బిడ్డలు దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఐదారు నెలలు వచ్చేసరికి నాలుకకు ఇష్టాయిష్టాలు ఏర్పడతాయి. వెంటనే వచ్చే రకం అలర్జీ లేదని వైద్యుడు చెప్పాక, పాత ఫార్ములా మూడు వంతులు కొత్తది ఒక వంతుతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పూర్తిగా మార్చవచ్చు, అయితే పరీక్ష గడువును పాతది పూర్తిగా ఆగిన రోజు నుంచే లెక్కపెట్టాలి. మారిన తర్వాత విరేచనం ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, ఘాటైన వాసనతో రావడం మామూలే. ఆ రంగు చూసి భయపడి డబ్బా మార్చవద్దు.

తల్లిపాల సంగతి విడిగా చెప్పాలి. మీరు ఇస్తున్న రెండు మూడు పూటల పాలను దయచేసి ఆపవద్దు. తల్లి తినే పాల పదార్థాల నుంచి కొద్దిపాటి ప్రొటీను తల్లిపాలలోకి వస్తుంది, అందుచేత తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డలో లక్షణాలు ఉంటే తల్లిని రెండు నుంచి నాలుగు వారాలు పాలూ పాల ఉత్పత్తులూ మానేసి చూడమంటాం. అలా మానేసినప్పుడు తల్లికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, దానితోపాటు విటమిన్ డి అందేలా చూడాలి. మీ విషయం అలా లేదు. తల్లిపాలు మాత్రమే తాగిన మూడు నెలల్లో పాప బాగుంది, అంటే ఆ కొద్దిపాటి మోతాదును తను తట్టుకుంటోంది. కాబట్టి ముందు ఫార్ములా ఒక్కటే మార్చండి. రెండు వారాల్లో తగినంత మార్పు రాకపోతే అప్పుడు మీ ఆహారం గురించి ఆలోచించవచ్చు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, మీరు అనవసరంగా నెలల తరబడి కడుపు కట్టుకుంటారు.

పాలు కక్కడం విషయంలో కొంచెం నిదానం అవసరం. నాలుగు నెలల వయసులో సగానికి పైగా పిల్లలు రోజూ పాలు కక్కుతారు; ఏడాది, ఏడాదిన్నర వచ్చేసరికి దాదాపు అందరిలో అది పోతుంది. బరువు పెరుగుతూ, ఆడుకుంటూ, కక్కిన తర్వాత ఏడవకుండా ఉన్న బిడ్డకు ఏ మార్పూ అక్కర్లేదు, ఒక్కో పూట ఇచ్చే పాలు తగ్గించి పూటలు పెంచితే చాలు. అలా కాక ఇబ్బంది ఎక్కువైనప్పుడు చిక్కగా చేసిన ఫార్ములా, అంటే పిండి పదార్థమో క్యారబ్ గింజల జిగురో కలిపి తయారైనది, బయటకు కనిపించే కక్కును తగ్గిస్తుంది. కడుపులోని ఆమ్లం తగిలాక చిక్కబడేలా తయారైన రకాలు, ఆమ్లం తగ్గించే మందులు వాడుతున్నప్పుడు అంత బాగా పనిచేయవు. ఇంట్లో సొంతంగా ఏ పొడీ కలిపి చిక్క చేయవద్దు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకైతే అసలే వద్దు: క్జాంథన్ గమ్ ఉన్న ఒక చిక్కబరిచే పదార్థం వాడిన అలాంటి బిడ్డలకు పేగు కుళ్లే ప్రమాదకరమైన జబ్బు వచ్చిన ఉదంతాలతో 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. మీ పాపలో కక్కుతో పాటు నెత్తురు, ఎగ్జిమా, బరువు ఆగడం కూడా ఉన్నాయి కనుక చిక్కటి పాలు ఇప్పుడు మీ దారి కాదు.

సాయంత్రమయ్యేసరికి ఆపకుండా ఏడ్చే బిడ్డ, విరేచనానికి ముందు పది నిమిషాలు ఎర్రబడి ముక్కి చివరికి మెత్తటి విరేచనమే చేసే బిడ్డ, వారానికోసారి మాత్రమే విరేచనం అయ్యే తల్లిపాల బిడ్డ: ఈ ముగ్గురికీ సాధారణంగా ఫార్ములా మార్పు అవసరం లేదు. ఏడుపు ఆరో వారానికి తారస్థాయికి చేరి మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది, సరిగ్గా ఆ సమయంలో మార్చిన డబ్బాకు ఆ పేరు దక్కుతుంది. ఫార్ములాలోని ఇనుము వల్ల మలబద్ధకం వస్తుందన్న నమ్మకంతో ఇనుము తక్కువ ఉన్నవి వెతకవద్దు. ఆ మోతాదులో ఇనుము మలబద్ధకం చేయదు, లేకపోతే మాత్రం రక్తహీనత వస్తుంది.

కొవ్వు అరగని పిల్లల సంగతి పూర్తిగా వేరు. మామూలు కొవ్వు ఒంటికి పట్టాలంటే కాలేయం నుంచి పిత్తరసం పేగులోకి రావాలి, తర్వాత ఆ కొవ్వు శోషరస నాళాల గుండా వెళ్లాలి. కాలేయ జబ్బుతో పిత్తరసం దిగనివారికి, ఛాతీలో శోషరసం కారే జబ్బు ఉన్నవారికి మధ్యస్థ గొలుసు కొవ్వులున్న ఫార్ములా, అంటే ఎంసీటీ ఫార్ములా ప్రాణాధారం, ఎందుకంటే ఆ కొవ్వులు పిత్తరసం అంతగా అవసరం లేకుండానే పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్లే రక్తంలో కలుస్తాయి. అయితే శరీరం తయారు చేసుకోలేని అత్యవసర కొవ్వు ఆమ్లాలు వాటిలో ఉండవు; వాటిని విడిగా ఇవ్వకపోతే చర్మం పొలుసులుగా ఊడటం, ఎదుగుదల ఆగడం చూస్తాం. విటమిన్లు ఎ, డి, ఇ, కె కూడా ఇలాంటి పిల్లలకు విడిగా అందించాలి. జిడ్డుగా, మెరుస్తూ, భరించలేని వాసనతో విరేచనాలు అయ్యే బిడ్డకు క్లోమ రసం చాలకపోవడం కూడా కారణం కావచ్చు, అప్పుడు అవసరమయ్యేది ఎంజైములు. చక్కెరల వైపు కూడా అరుదైన జబ్బులు ఉన్నాయి: గ్లూకోజ్, గెలాక్టోజ్ రెండూ పేగు పీల్చుకోలేని బిడ్డకు ఫ్రక్టోజ్‌తో చేసిన ఫార్ములా తప్ప మరొకటి పడదు, సుక్రోజ్, పిండి విడగొట్టే ఎంజైము లేని బిడ్డ తల్లిపాలకు బాగానే ఉండి, లాక్టోజ్ లేని డబ్బాకు మారాకే విరేచనాలు మొదలై అందరినీ తికమక పెడుతుంది, ఎందుకంటే లాక్టోజ్ స్థానంలో తయారీదారు వేసినది ఆ బిడ్డకు పడనిదే.

పెద్ద పిల్లల తల్లిదండ్రులు ఇది చదివితే వారికి రెండు మాటలు. క్రోన్స్ అనే, పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు మరే ఆహారం లేకుండా ఫార్ములా మాత్రమే ఇవ్వడం మొదటి వరుస చికిత్స. దానికి ఖరీదైన అమైనో ఆమ్లాల రకం అవసరం లేదు, మామూలు ప్రొటీను ఉన్నది అంతే బాగా పనిచేస్తుంది, తాగడానికీ సులువు. గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీను వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు అనుమానం ఉన్నప్పుడు పరీక్షలు పూర్తయ్యేదాకా గ్లూటెన్ ఆపవద్దు, ఆపితే పరీక్ష అబద్ధం చెబుతుంది. ఏడాది దాటిన పిల్లల ఫార్ములాలు సాధారణంగా మిల్లీలీటరుకు ఒక కిలో కేలరీ చొప్పున ఉంటాయి, పసిబిడ్డలవి 100 మిల్లీలీటర్లకు సుమారు 67; ఒకరిది మరొకరికి ఇవ్వకూడదు.

ఇంత ఆలోచించి ఎంచుకున్న ఫార్ములా కలిపే చోట చెడిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఒకసారి నాలుగు నెలల బాబుకు హైడ్రొలైజ్డ్ ఫార్ములా మొదలుపెట్టిన పది రోజులకు విరేచనాలు తగ్గకపోగా పెరిగాయి, అమైనో ఆమ్లాలకు మారుద్దామని అందరం అనుకుంటున్నాం. కలిపి చూపించమని తల్లిని అడిగాను. ఆమె సంచిలోంచి డబ్బా తీసి, మూత తెరిచి, పొడిలో ఉన్న తెల్ల చెంచాను పక్కకు నెట్టి, విడిగా కాగితంలో చుట్టి తెచ్చుకున్న నీలం చెంచా తీశారు. అది పాత ఫార్ములాది, పట్టుకోవడానికి వీలుగా ఉందని దాచుకున్నారు. ఆ నీలం చెంచా కొలత 60 మిల్లీలీటర్ల నీటికి, కొత్త డబ్బా కొలత 30 మిల్లీలీటర్లకు ఒక చెంచా. పది రోజులుగా బాబు దాదాపు రెట్టింపు చిక్కదనంతో తాగుతున్నాడు. అంత గాఢమైన పాలు పేగులోకి నీటిని లాగి తామే విరేచనాలు తెస్తాయి, మూత్రపిండాలకు భారమవుతాయి. చెంచా మార్చిన నాలుగో రోజుకు బాబు కుదుటపడ్డాడు. అప్పటి నుంచి నేను ఏ ఫార్ములా పనిచేయలేదని విన్నా ముందు చెంచా చూపించమంటాను. ప్రతి డబ్బాకూ దాని చెంచానే వాడాలి, చెంచాను అంచుతో సమంగా గీయాలి, నొక్కి నింపకూడదు, ముందు నీళ్లు కొలిచి తర్వాత పొడి వేయాలి.

పొడి ఫార్ములా సూక్ష్మజీవులు లేనిది కాదు. క్రోనోబాక్టర్ అనే క్రిమి అందులో బతికి ఉండవచ్చు కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాచిన నీరు 70 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లారక ముందే పొడి కలపాలి, తర్వాత చల్లార్చి తాగించాలి, రెండు గంటల్లో తాగనిది పారబోయాలి. కొన్ని ప్రత్యేక ఫార్ములాల మీద అంతకన్నా చల్లటి నీళ్లు వాడమని రాసి ఉంటుంది. మీ పాపకు ఏది పాటించాలో వైద్యుణ్ణే అడగండి.

ఇక మీరు చేయవలసింది. ఒక నోటు పుస్తకం తీసుకుని రోజుకో పేజీ పెట్టండి: ఎన్ని మిల్లీలీటర్లు తాగింది, ఎన్నిసార్లు విరేచనం, జిగురు ఉందా, నెత్తురు ఉందా, ఎన్నిసార్లు కక్కింది, బుగ్గలు ఎలా ఉన్నాయి. నెత్తురు కనిపించిన న్యాపీని ఫొటో తీసి పెట్టుకోండి, వైద్యుడికి మాటల కన్నా అది ఎక్కువ చెబుతుంది. వారానికోసారి ఒకే త్రాసు మీద, బట్టలు లేకుండా బరువు చూడండి. కొత్త ఫార్ములాను పరీక్షించే నాలుగు వారాల్లో కొత్త మందు, కొత్త చుక్కలు, ఘనాహారం ఏదీ మొదలుపెట్టవద్దు. నెత్తురు కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో ఆగాలి, చర్మానికి మరికొంత సమయం పడుతుంది, బరువు మూడో వారం నుంచి కదలాలి. తగ్గితే, అప్పుడు చాలామంది తప్పించుకునే మెట్టు వస్తుంది: వైద్యుడి సలహాతో మామూలు ఫార్ములాను కొద్దికొద్దిగా మళ్లీ ఇచ్చి లక్షణాలు తిరిగి వస్తాయా అని చూడాలి. తగ్గిన బిడ్డకు మళ్లీ ఎందుకు పెట్టాలని తల్లులు కన్నీళ్లతో అడుగుతారు, నాకూ ఆ మాట కష్టంగానే ఉంటుంది. కానీ విరేచనంలో నెత్తురు చారలు కనిపించిన బిడ్డల్లో కొందరికి ఏ మార్పూ లేకుండానే అవి ఆగిపోతాయి. మళ్లీ ఇచ్చి చూడకపోతే అలాంటి బిడ్డ అలర్జీ లేకుండానే ఏళ్ల తరబడి అలర్జీ పిల్లగా పెరుగుతుంది. వెంటనే వచ్చే ప్రతిచర్య ఎప్పుడైనా కనిపించి ఉంటే, లేదా పాలు తాగిన ఒకటి నుంచి నాలుగు గంటల తర్వాత ఆగకుండా వాంతులై బిడ్డ వాడిపోయి ఉంటే, ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు, ఆసుపత్రిలోనే చేయాలి.

మళ్లీ ఇచ్చినప్పుడు లక్షణాలు తిరిగివస్తే అలర్జీ ఖాయమైనట్టు. అప్పుడు హైడ్రొలైజ్డ్ ఫార్ములాను కనీసం ఆరు నెలలు, లేదా పాపకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు నిండేదాకా కొనసాగించి, ఆ తర్వాత మరోసారి పాలు ఇచ్చి చూస్తారు, అవసరమైతే ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి అలాగే చూస్తూ పోతారు. ఆలస్యంగా బయటపడే రకంలో ఎక్కువమంది పిల్లలకు మూడేళ్ల లోపే పాలు మళ్లీ పడతాయి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన నాలుగు డబ్బాల వెనుక భాగాల ఫొటోలు, కొలత చెంచాలు, పుట్టినప్పటి నుంచి వేసిన బరువుల కాగితం వెంట తీసుకెళ్లండి.